మీ ఎలుకల సంగతి

కోరమండల్, కె.జి.ఎఫ్.
జూన్, సోమవారం

శశక్కా,

నిన్న మీ ఇంటికి వచ్చి, నిన్ను చూసి, నీతో ఒక్క మాటైనా మాట్లాడకుండా తిరిగొచ్చాను. నీ మంచం చుట్టూ అంతమంది కూర్చుంటే ఇంకేం మాట్లాడతాం? నిన్ను ఎవరేమడిగినా మీ అత్తే జవాబు చెబుతోంది. "ఎట్లుండావు శశక్కా?" అని నేనడిగితే, "మొన్నటికంటే మేలుగా ఉండాది" అని నాగరత్నత్త. "నిద్ర పడతా ఉండాదా?" అంటే, "పడతాది, పడతాది" అని గోడకు ఆనుకుని కూర్చున్న ఒక ముసలావిడ. ఆవిడెవరో నాకింతవరకూ తెలియదు. నువ్వు దుప్పటి అంచు మడుస్తూ, విప్పుతూ నన్ను చూశావు. ఆ చూపు చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

నీ ఫోన్ నందీశ్ బావ జేబులో ఉంది. ఎందుకని అడిగితే, "ఫోన్ చూస్తే దానికి తల వేడెక్కతాది" అన్నాడు. భార్య మీద ప్రేమతోనే అన్నాడు, అందుకే ఎదురు చెప్పలేకపోయాను. ఉత్తరమైతే వాళ్లకు తట్టదు, తట్టినా చదవలేరు. మీ ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదువుకున్నది కన్నడ. మనిద్దరికీ ఈ అక్షరాలు వచ్చాయంటే వేసవి సెలవుల్లో మన అవ్వ బలవంతంగా కూర్చోబెట్టి దిద్దించింది కాబట్టి. అప్పుడెంత తిట్టుకున్నాం!

ఏడో నెలలో బిడ్డ పోతే ఎవరైనా కుంగిపోతారు. ఇన్ని నెలలైనా నువ్వు తేరుకోలేదని వచ్చినవాళ్లంతా "గట్టిగా ఉండల్ల తల్లీ" అంటున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండింది. మా నాన్న అంగడికి వచ్చినవాళ్లతో "మా పాప ఎలుకల డాక్టరు" అని చెప్పుకుంటాడు కదా. ఎలుకలకు బోను పెట్టే ఇంట్లో పుట్టి, రోజూ రైలెక్కి బెంగళూరు పోయి వాటికి మేత వేసే ఉద్యోగం నాది. ఆ ఎలుకల సంగతి నీకు చెప్పాలి.

మెదడులో సెరొటోనిన్ అని ఒక రసాయనం ఉంటుంది. నిద్ర, ఆకలి, భయం, ఓర్పు, అన్నింటిలోనూ దానికి వాటా ఉంది. మా దగ్గర రెండు రకాల చిట్టెలుకలు ఉన్నాయి. చూడటానికి ఒకటే, కానీ ఒక రకానికి పుట్టుకతోనే మెదడులో ఆ రసాయనం తక్కువ తయారవుతుంది. ఒక్కోదాన్ని రోజూ కాసేపు పొగరుబోతు పెద్ద ఎలుక ఉన్న పెట్టెలో వదులుతాం. అది మీద పడి తరుముతుంది. కొన్నాళ్ల తర్వాత పరీక్ష: కొత్త ఎలుకను చూపిస్తే దగ్గరికి పోయి వాసన చూస్తుందా, మూలకు నక్కుతుందా? మామూలువి చాలావరకు తట్టుకుంటాయి. రసాయనం తక్కువున్నవి మూలకు పోతాయి. అందులో వాటి తప్పేముంది అక్కా? "గట్టిగా ఉండల్ల" అని వాటికి ఎవరైనా చెబుతారా?

కోలార్ డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలు మానకు. అవి ఆ రసాయనాన్ని ఎక్కువసేపు నిలిపి ఉంచే మాత్రలే. నీకు ఏ లోపమూ లేదని చెప్పడానికే ఇదంతా రాశాను.

నీ
నయన


బేతమంగళ
జూన్

నయనా,

నీ కవరును మా మామ గోవిందప్ప తిప్పి తిప్పి చూసి, "బ్యాంకు నించా?" అన్నాడు. "నయన దేవుడి పాటలు రాసి పంపింది" అన్నాను. ఇంత చక్కగా అబద్ధమాడి చాలా కాలమైంది.

ఇక్కడ నన్నెవరూ ఏమీ అనరు. అదే బేజారు. లేస్తే, "యాడికే?" అంటుంది అత్త. "నీళ్లు పోసుకోను, బచ్చలింటికి" అంటే, "ఒగత్తే పోవాకు, తోడు తీసుకొని పో" అంటుంది. బిందె ముట్టుకుంటే, "పెట్టు తల్లీ, పెట్టు, నువ్వేం చేయాల్సింది లేదు" అని లాక్కుంటుంది. కీడు జరిగిన మనిషిని ఒంటరిగా పడుకోనివ్వకూడదని చుట్టాలు వంతులేసుకుని నా గదిలో నిద్ర చేయడానికి వస్తున్నారు. వాళ్లు హాయిగా గురక పెడతారు. నేను వాళ్లకు కాపలా. గోడకు ఆనుకున్న ముసలావిడ ఎవరో నాకూ తెలియదు. అత్త తరఫు అనుకుంటాను.

చుక్క నీకు గుర్తుందా? నేను కాపురానికి వచ్చిన ఏడాది దూడగా తెచ్చుకుని సాకిన సీమావు. పొద్దునా సాయంత్రం దాని పాలు పిండి డెయిరీకి పోసి రావడం నా పని. దారిలో నాలుగు మాటలు, నవ్వులు, ఎవరి కొడుకు ఎవరితో తిరుగుతున్నాడో ఆ వార్తలు. నా బిడ్డ పోయిన వారమే అది ఈనింది. పెయ్యదూడ. దాన్ని చూస్తే నాకు దుఃఖం వస్తుందని తల్లినీ దూడనూ మామిడితోట పక్క పాకలోకి మార్చారు. ఇప్పుడు పాలు మీ బావ పిండుతున్నాడు.

మొన్న దళారి పాపన్న గొంతు వినిపించింది. నేను బయటికి రాగానే అందరూ వానల గురించి మాట్లాడసాగారు. దాన్ని అమ్మేస్తారు నయనా. నన్ను అడగరు. ఆ ఆవు పోతే ఈ ఇంట్లో నా పని అంటూ ఒక్కటీ మిగలదు. ఆ తర్వాత మంచం దిగడానికి నాకు కారణమేముంటుందో తెలియడంలేదు.

మనుషుల సంగతి నాకు అందరూ చెబుతున్నారు. నువ్వు మీ ఎలుకల సంగతే చెప్పు. మూలకు పోయిన ఎలుకలకు మాత్రలిస్తే లేచి వస్తాయా? పరీక్షలన్నీ అయ్యాక వాటిని ఏం చేస్తారు?

శశికళ


రైలులో, బంగారపేట దాటాక
జూలై

శశక్కా,

కుదుపులకు అక్షరాలు వంకర పోతున్నాయి, సర్దుకుని చదువుకో. నువ్వడిగిన రోజుల్లోనే ఆ ఫలితం కూడా వచ్చింది. నా సంతోషం ఆగడంలేదు.

మామూలు ఎలుకలను ఎక్కువ వేధిస్తే అవి కూడా మూలకు పోయాయి. మాత్రల మందు ఇస్తే వాటిలో చాలావరకు మళ్లీ బయటికొచ్చాయి. పుట్టుకతో రసాయనం తక్కువున్నవి మాత్రం మందిచ్చినా మూలలోనే ఉన్నాయి! ఆలోచిస్తే అర్థమవుతుంది. ఉన్నదాన్ని నిలిపే మందు, లేనిచోట దేన్ని నిలుపుతుంది? నాతో పనిచేసే దర్శన్ మీ పక్క ఊరివాడే. వాడన్నాడు: "వానే రాకపోతే బేతమంగళ చెరువు తూము మూసి ఏం లాభం, నయనా?" మేడమ్ కూడా నవ్వింది. ఈ ఫలితాలు చూపించే బొమ్మలన్నీ నేనే గీయాలని చెప్పింది. వచ్చే నెల శాస్త్రవేత్తల సభలో నా పేరు కూడా ఉంటుంది.

చుక్కను అమ్మనివ్వకు. నువ్వు గట్టిగా చెప్పాలి.

స్టేషను వచ్చేసింది.

నయన


బేతమంగళ
జూలై

నయనా,

నీ పేరు సభలో ఉంటుందని చదివి నిజంగా సంతోషించాను.

మిగతాది మళ్లీ మళ్లీ చదివాను. నేను ఏ రకం ఎలుకనో నాకెట్లా తెలుస్తుంది? మా అమ్మ కూడా నేను పుట్టాక ఏడాదిపాటు ఎవరితోనూ మాట్లాడలేదని అవ్వ చెప్పేది. అంటే నాది పుట్టుకతో వచ్చినదే అయ్యుండాలి. మాత్రలు మొదలుపెట్టి ఇన్నాళ్లయింది, నేనింకా మంచం మీదే ఉన్నాను. వాన లేని చెరువుకు తూము మూసి ఏం లాభమని మీ దర్శనే అన్నాడు కదా.

మానేశాను. ఎవరికీ చెప్పలేదు. తల లోపల చిన్న చిన్న మెరుపులు వచ్చినట్టు ఉంటుంది, చేతులు వణుకుతాయి. అత్త చూసి, నీరసమని గుడ్డు పెట్టింది.

చుక్కను వచ్చే సంతకు తోలుకుపోతారట. గట్టిగా చెప్పమన్నావు. నువ్వు కూడా ఆ మాటే అన్నావు.

శశి


కోరమండల్
జూలై, ఉత్తరం అందిన రోజే

శశక్కా, శశక్కా,

అట్లా చేయకు. ఆ మాత్రలు ఉన్నట్టుండి మానకూడదు. ఆ మెరుపులు, ఆ వణుకు అందుకే. ఎలుక వేరు, నువ్వు వేరు. మేం చూసినది మనుషులు చేసి పెట్టిన ఒక్క రకం ఎలుక, ఒక్క రకం వేధింపు. దాన్నిబట్టి నువ్వేమిటో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. అది నేను ముందే రాయాల్సింది. సంతోషంలో రాయలేదు. డాక్టరమ్మను అడగకుండా ఏదీ మార్చకు.

ఈరోజు మేడమ్ దగ్గరికి పోయి, పేరు చెప్పకుండా నీ సంగతి చెప్పాను. ఆమె ఒక పాత ప్రయోగం గురించి చెప్పింది. రెండు ఎలుకలు. రెండింటికీ తోక మీద ఒకే షాకు, ఒకేసారి మొదలై ఒకేసారి ఆగుతుంది. మొదటిదాని ముందు ఒక చక్రం ఉంటుంది. అది తిప్పితే రెండింటికీ షాకు ఆగిపోతుంది. రెండోదాని ముందు కూడా చక్రం ఉంటుంది, కానీ అది దేనికీ తగిలించి ఉండదు. ఎంత తిప్పినా ఏమీ కాదు. అనుభవించిన నొప్పి సమానం. అయినా తర్వాత రెండోది తలుపు తెరిచి ఉన్నా పారిపోదు, కూర్చుండిపోతుంది. ఇంకా వింతేమిటంటే, ఆ రెండోదాని మెదడు వెనక భాగంలో సెరొటోనిన్ తక్కువ కాదు, పొంగిపోతుంది! తక్కువైతే మూలకు పోతుందని నీకు రాశాను. ఇక్కడ ఎక్కువై కదలలేకపోతోంది. నాకు తల తిరిగిపోయింది.

కానీ ఒకటి మాత్రం అర్థమైంది అక్కా. మీ ఇంట్లో నీ ముందున్న చక్రాలన్నీ ఊడదీసేశారు. బిందె, ఫోన్, పాలు, తలుపు. ప్రేమతోనే, అయినా ఊడదీశారు.

అందుకే ఊరుకోలేదు. అక్కడి నుంచే నందీశ్ బావకు ఫోన్ చేసి, చుక్కను అమ్మితే ఊరుకోనని చెప్పాను. నీ మాత్రల సంగతి కూడా చెప్పేశాను, రోజూ దగ్గరుండి మింగించమన్నాను. మీ అమ్మకు చెప్పాను. కోలార్‌లో డాక్టరమ్మ దగ్గర పేరు రాయించాను. ఆదివారం వచ్చి నిన్ను కోరమండల్‌కు తీసుకొస్తాను, బట్టలు సర్దుకో. నువ్వేం ఆలోచించాల్సిన పనిలేదు, అంతా నేను చూసుకున్నాను.

నీ
నయన


బేతమంగళ
ఆగస్టు

నయనా,

చక్రం గురించి అంత బాగా రాశావు. చదువుతూ ఏడ్చాను. పేజీ కిందికి వచ్చేసరికి నా చక్రాలన్నీ నువ్వే తిప్పేశావు.

నీ ఫోన్ వచ్చిన రోజు ఇక్కడేం జరిగిందో విను. మీ బావ లోపలికొచ్చి మందు డబ్బా తన జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు నా ఫోన్, నా మాత్రలు ఒకే జేబులో ఉన్నాయి. అత్త తలుపు దగ్గర నిలబడింది.

"ఆ కోరమండల్ పిల్ల ఆవును అమ్మకూడదంటే మనం అమ్మకూడదా?"

"నేనేం చేసేదమ్మా? దాన్ని చూస్తే శశికి బాధని నువ్వంటివి. అమ్మితే బాధని నయన అంటాది."

"మాత్రలు మానేసిందంట. ఎవురు చెప్పినారు మానమని?"

"ఎలుకలు."

ఇది మా మామ. నేను దుప్పటి కింద నవ్వాను. నవ్వు ఏడుపైంది. వాళ్లు ముగ్గురూ నా మంచానికి రెండడుగుల దూరంలో నిలబడి, నేను వేరే ఊళ్లో ఉన్నట్టు మాట్లాడుకున్నారు. ఆ గుంపులో నాలుగో గొంతు నీది.

చుక్క ఉండాలో వద్దో నన్ను వాళ్లు అడగలేదు. నువ్వు అడిగావా? నేను అడిగినదానికి నువ్వింతవరకూ జవాబు రాయలేదు, అడగనిది అంతా రాశావు.

ఆదివారం రావద్దు.

శశికళ


కోరమండల్
ఆగస్టు

శశక్కా,

రాలేదు. బస్టాండు దాకా వచ్చి, బస్సు పోయేదాకా నిలబడి, వెనక్కి వచ్చాను. నేను చేసినది మంచో చెడో ఇప్పటికీ సరిగ్గా తెలియడంలేదు. నువ్వు మాత్రలు మానేశావంటే ఎవరికీ చెప్పకుండా ఉండగలనా? చెప్పడం తప్పు కాదనుకుంటున్నాను. మిగతాది తప్పనుకుంటున్నాను. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడో తెలియడంలేదు. డాక్టరమ్మ దగ్గర పేరు మాత్రం కొట్టేయించలేదు. పోవడం, పోకపోవడం నీ ఇష్టం. పోతే ఎవరితోనో కూడా నీ ఇష్టం.

నువ్వడిగినదానికి జవాబు. పరీక్షలు అయ్యాక వాటిని చంపేస్తాం. నొప్పి లేకుండా, పద్ధతి ప్రకారం. తర్వాత మెదడును పల్చని పొరలుగా కోసి, రంగు వేసి, ఎక్కడ ఎంత ఉందో చూస్తాం. మందుతో బయటికి వచ్చినవాటినీ, రానివాటినీ కూడా. నువ్వు మంచం మీద ఉన్నావు కదా అని ఇది నీకు ముందే రాయలేదు. అది కూడా నీ తరఫున నేనే నిర్ణయించాను.

సెరొటోనిన్ ఎక్కువవడమా తక్కువవడమా, ఏదో ఒకటి తేల్చమని మేడమ్‌ను అడిగాను. "ఎంత అని కాదు, ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అని అడుగు" అంది. అడుగుతున్నాను. ఇంకా జవాబు రాలేదు.

నీకు ఏం కావాలి అక్కా? చుక్క కావాలా, వద్దా? ఒక్కసారీ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పకపోయినా ఫర్వాలేదు. మాత్రల సంగతి ఒక్కటి మాత్రం రెండు మాటల్లో రాయి, ప్రాణం కుదుటపడుతుంది.

నయన


బేతమంగళ
సెప్టెంబరు

నయనా,

ముందు మాత్రల సంగతి. మింగుతున్నాను. కోలార్‌కు నేనే పోయాను. మీ బావ కూడా బస్సెక్కబోతే, "నువ్వు సాయంత్రం ఇక్కడికే రా, నేను దిగేటప్పటికి" అన్నాను. డాక్టరమ్మకు ఎలుకల సంగతంతా చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి, "నీకు తోక ఉందా?" అంది. తర్వాత మెల్లగా వివరించింది. మా అమ్మకు వచ్చినంత మాత్రాన నాకు మందు పనిచేయదని లెక్క లేదట. ఇంకొంత కాలం చూద్దామంది, తగ్గకపోతే వేరే మందులున్నాయంది. మళ్లీ కొద్దిగా మొదలుపెట్టి పెంచుతోంది. తగ్గిందా అంటే, ఒకరోజు తగ్గినట్టుంటుంది, ఇంకోరోజు ఉండదు. మందు డబ్బా అడిగి తీసుకున్నాను. ఫోన్ కూడా ఇచ్చాడు మీ బావ. అయినా ఉత్తరమే రాయాలనిపించింది.

నువ్వడిగావు కాబట్టి తోటలోకి పోయి చూశాను. అంతవరకూ నాకే తెలియదు. చుక్క నన్ను చూసి అరిచింది. దూడ దాని పొట్ట కింద దూరి కుడుస్తోంది. నేను నిలబడలేకపోయాను, నయనా. అత్త అనుకున్నది నిజమే. దాన్ని చూస్తే నాకు ఓర్చుకోలేనంత బాధ. అమ్మనివ్వకూడదని నేనూ, నువ్వూ ఇన్నాళ్లు పట్టుబట్టింది దేనికో అర్థం కాలేదు. పాక గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చుని, ఇంటికొచ్చి, "చుక్కను అమ్ముదాం. బేరం నేను చేస్తాను" అన్నాను.

మీ బావ మా అమ్మ వైపు చూశాడు. ఆమె ఆ రోజే వచ్చింది. మా అమ్మ అత్త వైపు చూసింది. అత్త పైకప్పు చూసింది.

పాపన్న వచ్చి అరుగు మీద కూర్చుని, అలవాటు కొద్దీ మామ వైపు చెయ్యి చాచి పైన తువ్వాలు కప్పాడు. నీకు తెలుసు కదా, పశువుల బేరం నోటితో చేయరు, తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని చేస్తారు. నేను మామ పక్కన కూర్చుని తువ్వాలు కింద చెయ్యి పెట్టాను. పాపన్న నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు.

"ఆడోళ్లు ఇట్ల చెయ్యి పెట్టకూడదమ్మా!"

"అయితే నోటితో చెప్పు పాపన్నా."

"అందరూ వింటారు కదమ్మా!"

"విననీ. నాది కూడా విను. తల్లినీ దూడనూ విడదీయకూడదు. సంతకు తోలకూడదు. దూడతో పాటు సాకేవాళ్ల ఇంటికే ఇస్తాను."

"దూడతో కలిపి ఎవురు తీసుకుంటారు? దళారికి ఏం మిగలతాది?"

"ఏం మిగలకుంటే టీ తాగి పో."

మామ దగ్గుతున్నట్టు నటించి నవ్వాడు. పాపన్న టీ తాగి, తువ్వాలు దులుపుకుని, "గోవిందప్పా, నీ కోడలికి ఒంట్లో బాగలేదని ఎవురయ్యా చెప్పినది?" అని లేచిపోయాడు. మరుసటి వారం పక్క ఊరి సొన్నమ్మ వచ్చింది. డెయిరీ దగ్గర నాకు పరిచయం. చుక్క పాలు పిండటం చూపిస్తానని నేనే తోటలోకి తీసుకుపోయాను. పిండుతూ ఏడ్చాను. సొన్నమ్మ దూడను పట్టుకుని నిలబడింది. ఆమెకే ఇచ్చాను. అవి పోతున్నప్పుడు లోపలికి పోయి పడుకొమ్మన్నారు. రోడ్డు మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. బాధ తగ్గిందని రాయలేను. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటో కూడా సరిగ్గా చెప్పలేను. ఆ రాత్రి నుంచి నా గదిలో నేనొక్కదాన్నే పడుకుంటున్నాను. ఆ ముసలావిడ కాస్త నొచ్చుకుంది.

మీ ఎలుకల సంగతి చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. ఇప్పుడు లేదు. నిజం రాసినందుకు.

ఇంకొకటి. నిన్న పొద్దున అత్త వంటింటి గడపలో నిలబడి, "మే శశీ, ఈ పూట ఏం చేద్దాం?" అంది. ఇన్ని నెలల్లో నన్ను అట్లా అడగడం అదే మొదలు. ఏం తినాలనుందో నిజంగా తెలియలేదు. మామ ఏదో చెప్పబోతే అత్త చెయ్యెత్తి ఆపింది. అందరూ నా నోరు చూస్తూ నిలబడ్డారు. చివరికి "అన్నం" అన్నాను. అన్నం ఉడికాక నాకు సంగటి తినాలనిపించింది. అది కూడా చెప్పేశాను. అత్త గరిటెను గిన్నెలో పడేసి, "ఇంగ మాకు పని పడినాది, ఇది సతాయించను మొదలుపెట్టె" అని గొణుగుతూ రాగిపిండి డబ్బా దించింది.

శశికళ